కొండ ఎక్కకుండా నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం

బెంగళూరు బస్సు తెల్లవారుజామున ఐదింటికి తిరుపతి బస్టాండులో దించింది. కాలు కింద పెట్టకముందే ఇద్దరు జీపు వాళ్ళు చుట్టుకున్నారు. “కొండకా సార్? ఒక్క సీటే ఉంది, ఎక్కండి.” కొండకు కాదన్నా, భాకరాపేటకు అన్నాను. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, “ఆడేముంది సార్?” అనేసి ఇంకో బేరం వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. ఇంటర్ దాకా ఇక్కడే చదివాను. మా మిద్దె మీద నిలబడితే కొండ నిలువెత్తున కనిపించేది. రాత్రయితే ఘాట్ రోడ్డు లైట్లు మెలికలు తిరిగిన దండలా వెలిగేవి. నాకు తెలిసిన కొండ ఆ ముందు వైపే. దాని వెనక ఏముందని ఎప్పుడూ ఆలోచించలేదు. మా మేనమామ ఊరు అటువైపే, చిన్నగొట్టిగల్లు మండలంలో ఉంది. అయినా వేసవి సెలవులకు పోవడం, మామిడికాయలు తినడం, కడుపునొప్పితో తిరిగి రావడం తప్ప చుట్టుపక్కల చూసింది లేదు. అందుకే ఈసారి నాలుగు రోజులు సెలవు తీసుకుని ఒక నియమం పెట్టుకున్నాను. కొండ ఎక్కకూడదు, చుట్టూ తిరగాలి. ఫోనులో అమ్మకు చెబితే, “అంత దూరం పోయి స్వామిని చూడకుండా వస్తావా? కళ్ళు పోతాయిరా” అంది.

ఆరున్నరకు మదనపల్లె బస్సు దొరికింది. చంద్రగిరి దాటాక రంగంపేట. అక్కడ కుడివైపు కొండల మధ్యలో కల్యాణి డ్యామ్ ఉంది. 1977 నాటిది. తిరుపతికీ తిరుమలకూ తాగునీళ్ళు ఇక్కడి నుంచి కూడా పోతాయి. చిన్నప్పుడు కొళాయి కింద బిందె పెట్టుకుని, మున్సిపాలిటీని తిట్టుకుంటూ మేం ఎదురుచూసిన నీళ్ళు ఈ కొండల్లోవన్నమాట. ముప్పై ఐదేళ్ళొచ్చాక తెలిసింది.

రంగంపేట తర్వాత భాకరాపేట ఘాట్ మొదలవుతుంది. అంతవరకు సీరియల్ కథ చెప్పుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న వాళ్ళ బస్సు రాత్రిపూట లోయలో పడింది ఇక్కడే. డ్రైవరు మలుపు మలుపుకూ హారన్ కొడుతూ, నెమ్మదిగా, ఒక చేత్తో మెడలోని తువ్వాలు సర్దుకుంటూ నడిపాడు. ఆ చెయ్యి మళ్ళీ స్టీరింగ్ మీదికి వచ్చేదాకా నాకు టెన్షనే.

మామ ఊరి పేరు రాయను. రాయొద్దని ఆయన షరతు. “నువ్వు రాస్తావు, వాళ్ళు చదువుతారు, ఆదివారమైతే కార్లేసుకోని వస్తారు. బీరు సీసాలు ఏరేది నేను” అన్నాడు. నూటయాభై గడప ఉంటుంది. ఊరి ముందు చెరువు, వెనక మామిడి తోటలు, తోటలు అయిపోయిన చోట అడవి, ఆ వెనక కొండ. తోటలకూ అడవికీ మధ్య కంచె ఉంది కానీ దాన్ని లెక్కచేసేది మనుషులు మాత్రమే. ఆ సంగతి రాత్రికి తెలిసింది.

డిసెంబరు మొదటి వారం, అనపకాయల కాలం. నేను పోయేసరికి అత్త వసారాలో గిన్నె ముందు కూర్చుని అనపగింజలు పితుకుతోంది. నానిన గింజను బొటనవేలితో నొక్కితే పప్పు గిన్నెలో పడాలి, తొక్క చేతిలో మిగలాలి. దాన్నే పితికిపప్పు అంటారు. నేనూ కూర్చున్నాను. నా పప్పులు గిన్నెలో తప్ప అన్నిచోట్లా పడ్డాయి, ఒకటి పిల్లి వీపు మీద కూడా. “కంప్యూటరు నొక్కినంత తేలిక కాదు నాయనా” అంది అత్త. మధ్యాహ్నం రాగి సంగటి, పితికిపప్పు పులుసు, పక్కన ఊరిబిండి అనే పచ్చడి. సంగటి ముద్దను నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. ఈ ఒక్క విషయంలో మాకూ కన్నడం వాళ్ళకూ తగాదా లేదు.

సాయంత్రం మామతో చెరువు కట్ట మీదికి నడిచాను. చెరువు నిండుగా ఉంది. ఇక్కడ చెరువులు నింపే పెద్ద వానలు అక్టోబరు తర్వాత, బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టినప్పుడు వస్తాయి. 2021 నవంబరులో అలాంటి వానలకే రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకై, తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ వారమంతా మామ టార్చి పట్టుకుని రాత్రుళ్ళు ఈ కట్ట మీదే తిరిగాడట. “ఇది ఎండినా నిద్ర పట్టదు, నిండినా నిద్ర పట్టదు” అన్నాడు, నీళ్ళలోకి చిన్న రాయి విసురుతూ.

కట్ట మీద నుంచి చూస్తే కొండ రెండు ముక్కలుగా కనిపిస్తుంది. కింద గుండ్రటి బండలు, పొదలు, ఏటవాలు. పైన మాత్రం కత్తితో కోసినట్టు నిటారుగా ఎర్రటి గోడ. కింది రాయి గ్రానైటు. పైది ఇసుక పొరలు గట్టిపడగా అయిన క్వార్ట్‌జైట్. రెండింటి వయసుకూ మధ్య కోట్ల ఏళ్ళ తేడా ఉంది. కింది రాయి తయారై, అరిగి అరిగి చదునయ్యాక, ఎప్పుడో చాలా కాలానికి దాని మీద నీళ్ళు ఇసుక పరిచాయి. ఆ రెండు రాళ్ళూ కలిసే గీత తిరుమల ఘాట్ రోడ్డు పక్కన స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. ఆ పక్కనుంచే వందసార్లు పోయాను. గోవింద నామాలు వింటూనో, వాంతి వస్తుందేమోనన్న భయంతోనో ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. ఇదంతా మామకు చెప్పాను. ఆయన కాసేపు కొండ వైపు చూసి, “అందుకేనా, ఆ పక్క ఆరు వందల అడుగులు బోరేసినా దుమ్మే లేచింది” అన్నాడు.

రాత్రి పదిన్నరకు తోటల వైపు నుంచి టపాకాయల చప్పుడు. పెళ్ళేమో అనుకున్నాను. “ఏనుగులు దిగినట్టుండాయి, పడుకో” అంది అత్త, వాన పడుతోంది అన్నంత మామూలుగా. నేను పడుకోలేదు.

రెండో రోజు, శుక్రవారం

అసలు అనుకున్నది శుక్రవారం చంద్రగిరి కోట. కానీ అక్కడి మ్యూజియంకు శుక్రవారం సెలవు. సంగతి మామ కొడుక్కి తెలుసు కాబట్టి బతికిపోయాం. బావమరిది బైకు తీశాడు, తలకోనకు బయల్దేరాం. అత్త అరిటాకులో చిత్రాన్నం కట్టిచ్చింది.

ముందు తోట దగ్గర ఆగాం. నాలుగు అరటిచెట్లు నేలమట్టం, ఒక మామిడికొమ్మ విరిగి వేలాడుతోంది, డ్రిప్పు పైపులు ముద్దగా చుట్టుకుపోయాయి. తడి మట్టిలో పళ్ళెమంత అడుగు. నా రెండు పాదాలూ అందులో నిలబెట్టినా ఇంకా చోటు మిగిలింది. “ఫోటో తీసుకో బావా, నష్టపరిహారానికి నేనెట్లా తీయాల” అన్నాడు వాడు.

యర్రావారిపాళెం మీదుగా నెరబైలు, అక్కడి నుంచి అడవి రోడ్డు. చెక్‌పోస్టులో టికెట్టు తీసుకుని లోపలికి పోగానే గాలే మారిపోయింది. ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, 1989లో ఏర్పడింది. 2010లో శేషాచలం కొండలు మొత్తాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ‘తలకోన’ అంటే శేషాచలం కొండలకు తల అని కొందరంటారు. పాము ఆకారంలో ఉన్న కొండలకు తల ఇక్కడుంటే, మరి తిరుమల ఎక్కడని అడగకూడదు. దానికి వేరే లెక్క ఉంది.

సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గర బండి పెట్టాం. కార్తీకమాసంలో అయితే ఇక్కడ చెప్పు పెట్టడానికి చోటుండదట. ఇప్పుడు పూజారి, రెండు కుక్కలు, ముప్పై కోతులు. గుడి దగ్గర నుంచి జలపాతానికి అడవిలో నడక. బావమరిది దారి పొడుగునా చెట్లు చూపించాడు. వాడు డిగ్రీ మధ్యలో ఆపేసి టమోటా పంటలోకి దిగినవాడు. వాడికి ఇన్ని చెట్లు ఎలా తెలుసని నాకు ఆశ్చర్యం. “తాత నేర్పించినాడు. ఆయప్ప మేకలు తోలేవాడు గదా” అన్నాడు. వాడి తాత అంటే మా అమ్మకు నాన్న, నాకూ తాతే. నాకేమో ఆయన ఎక్కాలు నేర్పాడు.

ఎర్రచందనం చెట్టును దగ్గరగా చూడటం నాకిదే మొదలు. ఎర్రగా ఏమీ ఉండదు. బెరడు నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఎరుపంతా లోపల చేవలో. లోకంలో ఇది సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోని ఈ కొద్దిపాటి కొండల్లోనే. అదే దాని గొప్ప, అదే దానికి శత్రువు. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలం అడవుల్లో పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు, అందరూ తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్ళు. ఇప్పటికీ ఊళ్ళో రాత్రిపూట కొత్త మనిషి కనిపిస్తే మొదట ‘ఏ ఊరు’ అనరు, ‘ఎవరి తాలూకు’ అంటారు.

ఇంకొంచెం పైకి పోతే గిల్లతీగ. తీగ అన్నది పేరుకే. మనిషి నడుమంత లావు, చెట్టు నుంచి చెట్టుకు కొండచిలువలా పాకి ఉంది. దాని కాయ మూరెడు దాటి ఉంటుంది, లోపలి గింజ అరచేతిలో సగం నిండుతుంది. తీగ మీద ఊగొద్దని బోర్డు ఉంది. బోర్డు పక్కనే ఒక కుర్రాడు ఊగుతుంటే వాళ్ళ నాన్న వీడియో తీస్తున్నాడు. చెట్ల కొమ్మల ఎత్తున తాళ్ళతో కట్టిన నడకదారి కూడా ఉంది, 240 మీటర్ల పొడవు. నేను సగం దూరం ధైర్యంగా పోయాను, మిగతా సగం వెనక్కి తిరగలేక పోయాను.

జలపాతం ఎత్తు 270 అడుగులు. రాష్ట్రంలో ఇంతకంటే ఎత్తైనది లేదంటారు. కానీ ఆ అంకె చూసి పోయేవాళ్ళు మొదట నిరాశపడతారు. హోరున దూకే నీళ్ళు కావివి. నిన్న చెరువు కట్ట మీద నుంచి చూసిన ఆ ఎర్రటి గోడే ఇక్కడ చుట్టూ వంగి, మధ్యలో మనల్ని నిలబెట్టుకుంటుంది. దాని అంచు మీద నుంచి నీళ్ళు జారి, సగం దారిలో గాలికి చెదిరి, కిందికి వచ్చేసరికి తుంపరవుతాయి. తలెత్తి ఒకే చుక్కను ఎంచుకుని కిందిదాకా చూపుతో పట్టుకుందామని చూశాను. ఏడెనిమిదిసార్లు ఓడిపోయాను. మధ్యాహ్నం ఎండ తిరిగినప్పుడు ఆ తుంపరలో చిన్న ఇంద్రధనుస్సు లేచి, ఎవరో స్విచ్చి వేసి తీసేసినట్టు రెండు నిమిషాల్లో పోయింది. కింద గుండంలో దిగొద్దని హెచ్చరిక ఉంది. రాళ్ళు నాచు పట్టి సబ్బులా ఉన్నాయి. మేం ఒడ్డున కాళ్ళు ముంచి గంటన్నర కూర్చున్నాం. ఈ బండల సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, పసుపు రంగులో, రాత్రిపూట తిరుగుతుంది. వెతికాం కానీ కనబడలేదు. పగలు వెతికితే ఎట్లా కనబడుతుందని వాడికి ఆలస్యంగా తట్టింది.

చిత్రాన్నం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పొట్లం విప్పాను. కోతి తీసుకుంది. అది కొండ ఎక్కి కూర్చుని ముందు వేరుశెనగ గింజలు ఏరుకుని తిని, తర్వాత అన్నం తింది. అత్త చేతి వంటకు ఆ మాత్రం గౌరవం ఇచ్చినందుకు ఊరుకున్నాం.

వచ్చేటప్పుడు నెరబైలుకు ఇంకా దూరం ఉండగానే వెనక చక్రం పంచరయింది. ఐదున్నర. ఫోనులో సిగ్నల్ లేదు. అడవి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినట్టు అనిపించింది. నిజానికి అంతకు ముందు బైకు చప్పుడు వల్ల మాకేమీ వినబడలేదు, అంతే. బండి తోసుకుంటూ నడుస్తున్నాం. ఎదురుగా రోడ్డు మీద పేడ, ఇంకా ఆవిరి వస్తోంది. “బర్రెదేలే” అన్నాడు బావమరిది. మేం చూసినంతలో ఆ అడవిలో బర్రెలు లేవు. ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు, నడక మాత్రం పరుగయింది. ముక్కాలు గంటకు పాల క్యాన్ల ఆటో ఒకటి వచ్చి, బండిని తాడుతో కట్టి లాక్కుపోయి పంచర్ అంగడి దగ్గర దించింది. అంగడాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ అడిగాడు. “యాడి నుంచి సార్? బెంగుళూరా? కొండకు పోయొచ్చినారా?”

మూడో రోజు, శనివారం

బస్సు కిటికీలోంచి లెక్కలేనన్నిసార్లు చూసిన చంద్రగిరి కోటకు ఇన్నాళ్ళకు టికెట్టు కొని పోయాను. ఊరు దాటి, కోటగోడ వాకిళ్ళు రెండు దాటి లోపలికి పోతే విశాలమైన పచ్చిక, దాని వెనక రాజమహల్, ఆ వెనక నిటారుగా బండకొండ. కొండ దక్షిణం వైపు వంపు తిరిగి నెలవంకలా ఉంటుంది కాబట్టి చంద్రగిరి అంటారు. వెయ్యో సంవత్సరం ప్రాంతంలో యాదవరాజు ఇమ్మడి నరసింహుడు కోట కట్టించాడని చెబుతారు. తర్వాత విజయనగరం వాళ్ళది. సాళువ నరసింహరాయలు ఇక్కడి నుంచి ఎదిగినవాడే. కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయలు సింహాసనం ఎక్కకముందు ఈ కోటలోనే నిర్బంధంలో ఉన్నాడంటారు.

రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప ఎక్కడా కలప వాడలేదు. వరుసగా కమానులు, కప్పు మీద గుడి గోపురాల్లాంటి శిఖరాలు. దూలం లేకుండా ఇంత బరువు ఎలా నిలబడిందో చూద్దామని లోపల తలెత్తి తిరుగుతుంటే కాపలా మనిషి దగ్గరకు వచ్చి, “కమాను బరువును పక్కకు కూడా తోస్తుంది సార్, కిందికే కాదు. అందుకే గోడలు అంత లావు” అన్నాడు. ఎక్కడ చదివారన్నా అని అడిగితే తాపీ పని చేసేవాణ్ణి అన్నాడు. మ్యూజియంలోని రాతి, కంచు విగ్రహాల ముందు గంట గడిపాను. కానీ ఈ రోజు గుర్తున్నది ఆ మనిషి మాటే.

పై అంతస్తు కిటికీ దగ్గర కూర్చుంటే చరిత్ర అంతా ఓడిపోయినవాళ్ళదిలా కనిపించింది నాకు. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత హంపీ పోయింది. రాజధాని పెనుకొండకు వచ్చింది, అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి వేలూరుకు. అద్దె ఇల్లు మారినట్టు రాజ్యమే మారుతూ వచ్చింది. ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు తీరంలో కోట కట్టుకోవడానికి 1639లో అనుమతి దొరికింది కూడా ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. ఒక ఇసుక దిబ్బే కదా, పోతే పోయిందనుకుని ఉంటారు. 1646లో గోల్కొండ సేనలు వచ్చాయి, 1782లో హైదర్ అలీ.

రాణీమహల్ చిన్నది, రెండంతస్తులు. కింది భాగం చూస్తే అంతఃపురం కంటే గుర్రపుశాలలా ఉంది. వెనక బావి. పేరు పెట్టినవాళ్ళకు రాణి ఉంటే బాగుంటుందని అనిపించి ఉంటుంది.

తర్వాత మహల్ వెనక బండల్లో మెట్లు కనబడ్డాయి. బావమరిది నా వైపు చూసి, “బావా, కొండ ఎక్కనని నియమం అన్నావే?” ఆ కొండ వేరు, ఈ కొండ వేరు అన్నాను. 183 మీటర్ల ఎత్తు అంటే పెద్దదేమీ కాదు కానీ ముళ్ళపొదలు దారిని మింగేశాయి. సగం పైగా ఎక్కి ఒక బండ మీద ఆగాం. కింద ఊరు, పాకాల వైపు పోయే రైలు పట్టాలు, ఎండలో తెల్లగా మెరుస్తున్న స్వర్ణముఖి ఇసుక. ఉత్తరాన శేషాచలం గోడ మొత్తం ఒకే గీతలా కనిపిస్తోంది. చంద్రగిరి రాజులు అంత వైభవం అనుభవిస్తూ రోజూ పొద్దున్నే ఆ గీత వైపు చూసి ఏమనుకునేవాళ్ళో.

మధ్యాహ్నం శ్రీనివాస మంగాపురం. పద్మావతిని పెళ్ళాడాక శ్రీనివాసుడు కొండకు పోకుండా ఆరు నెలలు ఇక్కడ ఆగాడని కథ. గుడిని అన్నమయ్య మనవడు తాళ్ళపాక చిన తిరుమలాచార్యులు 1540లో జీర్ణోద్ధరణ చేయించాడు. కొండ ఎక్కలేనివాళ్ళు ఈ స్వామిని చూస్తే చాలంటారు. ఈ మాట వెంటనే అమ్మకు ఫోను చేసి చెప్పాను. “ఎక్కలేనివాళ్ళు అన్నారు, ఎక్కనివాళ్ళు అనలేదు” అంది. విగ్రహం తిరుమల మూర్తి కంటే పొడవుగా అనిపించింది. ఇక్కడ ఎవరూ జరుగు జరుగు అనలేదు కాబట్టి అలా అనిపించిందేమో.

అక్కడికి దగ్గరే శ్రీవారి మెట్టు. 2,388 మెట్లు, నడిస్తే గంటా గంటన్నరలో తిరుమల. అలిపిరి దారి 3,550 మెట్లతో పోలిస్తే ఇది అడ్డదారి. చంద్రగిరి నుంచి రాజులు ఈ దారినే కొండకు పోయేవాళ్ళంటారు. మొదటి మెట్టు దగ్గర ఒకావిడ పసుపు, కుంకుమ రాస్తూ ఎక్కుతోంది, ప్రతి మెట్టుకూ వంగి, లేచి. ఐదు నిమిషాలు చూశాను. ఆవిడ పదకొండో మెట్టు మీద ఉంది. నేను నా నియమాన్ని తలుచుకుని వెనక్కి తిరిగాను. నిజం చెప్పాలంటే కాళ్ళు కూడా లాగుతున్నాయి, పొద్దున బండలెక్కిన ఫలితం.

నాలుగో రోజు, ఆదివారం

రాత్రికి బస్సు. అత్త ఒక సంచీలో చింతపండు, ఇంకో సంచీలో అనపకాయలు, సీసాలో ఊరిబిండి కట్టింది. వద్దంటే వినదని తెలిసి వద్దనలేదు. మామ కట్ట దాకా వచ్చి, “మళ్ళా వచ్చినప్పుడు బోరు సంగతి ఇంకొంచెం సరిగ్గా కనుక్కోని రా” అన్నాడు.

దారిలో తొండవాడ దగ్గర పది నిమిషాలు ఆగాం. స్వర్ణముఖి ఒడ్డున అగస్త్యేశ్వర స్వామి గుడి. భీమా, కల్యాణి నదులు స్వర్ణముఖిలో కలిసే చోటని దీన్ని ముక్కోటి అంటారు. డ్యామ్ దగ్గర ఆగిపోయిన కల్యాణిలో ఇక్కడిదాకా వచ్చేది ఎంత? చీలమండ దాకా నీళ్ళు, వాటిలో ఒక గేదె. అది మాత్రం మూడు నదులనూ ఒకేసారి అనుభవిస్తోంది.

తిరుపతి, రేణిగుంట దాటి పాపానాయుడుపేటకు పోయాం. ఇక్కడ గాజు పూసలు చేస్తారు. కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంలా పొడుగ్గా లాగి, చల్లారాక తునకలుగా కొట్టి, అంచులు నునుపు చేస్తారు. ఇదే పద్ధతిలో చేసిన పూసలు రెండు వేల ఏళ్ళ కిందట దక్షిణ భారతం నుంచి ఓడల్లో తూర్పు దేశాలకు పోయేవి. ఆదివారం కావడంతో మేం పోయిన కొలిమి చల్లగా ఉంది. ఇంటి ముందు కూర్చున్న ఒక పెద్దావిడ చాటలో పూసలు రంగుల వారీగా వేరుచేస్తోంది. అత్త పితికిపప్పు పితికిన చేతివేగమే. పిడికెడు కొన్నాను.

అక్కడి నుంచి గుడిమల్లం కొంచెం దూరమే. నాలుగు రోజుల్లో నేను చూసినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. స్వర్ణముఖి పక్కన మామూలు పల్లె. వరి పొలాలు, ఎండలో ఆరేసిన చీరలు, వాటి మధ్య పరశురామేశ్వరాలయం, పురావస్తు శాఖ రక్షణలో. గుడి వెనక భాగం ఏనుగు వెనక వైపులా గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. గోడల మీద పల్లవులు, బాణులు, చోళుల కాలపు శాసనాలు. గర్భగుడి నేల మనం నిలబడ్డ చోటు కంటే పల్లంలో ఉంది. పూజారి దీపం ఎత్తి చూపించాడు.

లింగం ఐదడుగులు. ముదురు గోధుమ రంగు రాయి, నున్నగా మెరుస్తోంది. దాని ముందు వైపు నిలువెత్తున ఒక మనిషి. శివుడే, కానీ మనకు తెలిసిన శివుడు కాదు. నాలుగు చేతులు లేవు, పాము లేదు, మెడలో జంధ్యం లేదు. రెండు చేతులు. తలకు పాగాలాంటి చుట్ట. ఒక చేతిలో వెనక కాళ్ళు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో నీళ్ళ చెంబు, ఎడమ భుజాన గొడ్డలి. ఒక పొట్టి యక్షుడి భుజాల మీద కాళ్ళు పెట్టి స్థిరంగా నిలబడ్డాడు. క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటో శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు అంటారు. కొందరు ఇంకొంచెం ఇటు జరుపుతారు. ఎటు జరిపినా, ఇప్పటికీ పూజలో ఉన్న లింగాల్లో ఇంత పాతది చూపించడం కష్టం. 1900ల మొదట్లో పురావస్తు పండితుడు టి. ఏ. గోపీనాథరావు దీని గురించి రాసేదాకా బయటి లోకానికి తెలియదు. ఊళ్ళో వాళ్ళకు తెలుసు. వాళ్ళు పూజ చేసుకుంటూనే ఉన్నారు.

నేను మాత్రం శతాబ్దాల లెక్క దగ్గర లేను. ఆ పాగా, ఆ గొడ్డలి, ఆ పొట్టేలును పట్టిన తీరు చూస్తున్నాను. బావమరిది నా చెవిలో, “బావా, తాత లెక్కనే ఉండాడు కదా” అన్నాడు. పూజారి విన్నాడు. కోప్పడతాడేమో అనుకున్నాను. “అందరూ అట్లనే అంటారు” అని హారతి మా ముందుకు చాపాడు. గుడిలో మేం ముగ్గురమే ఉన్నాం. బయటికి రావాలని ఎవరూ తొందరపెట్టలేదు కాబట్టి రాలేదు.

రాత్రి తొమ్మిదికి బెంగళూరు బస్సు ఎక్కాను. బస్సులో సగం గుండ్లు. పక్క సీటాయన నా సంచీ వైపు చూసి, లడ్డూలా అని అడిగాడు. అనపకాయలు అన్నాను. ఆయన కోలారు వాడు, తెలుగు బాగా మాట్లాడతాడు, ఏడాదికి రెండుసార్లు కొండకు వస్తాడు. “దర్శనం ఎన్ని గంటలు పట్టింది? మూడు వందల టికెట్టా?” గుడిమల్లంలో దర్శనం అయిందన్నాను. “అదెక్కడ? నేను ఇన్నిసార్లు వచ్చినా వినలేదే!”

చెప్పడం మొదలుపెట్టాను. పొట్టేలు, గొడ్డలి, పూసలు, కమాను బరువు, ఎర్రటి గోడ, దాని కింది గీత, కోతి. చిత్తూరు దాటేదాకా ఆయన ఊఁ కొడుతూనే ఉన్నాడు. మొగిలి ఘాట్ ఎక్కేసరికి ఆయన గుండు నా భుజం మీదికి వాలిపోయింది.